రెక్కలో గీత

మా చెల్లెల్ని చిన్నప్పుడు చంకనేసుకుని తిరిగింది నేనే. ఇప్పుడు అది విమానం నిండా జనాన్ని మోసుకెళ్తానంటోంది! తెల్లారితే మొదటిసారి కెప్టెన్ సీట్లో కూర్చోబోతోంది. అమ్మా నాన్నలకూ నాకూ అదే విమానంలో టికెట్లు.

ఆ విమానానికే ముందురోజు నేను ఎక్స్-రే తీస్తున్నాను; విమానాల లోపలి పగుళ్ళు వెతకడమే నా ఉద్యోగం. రెక్క మొదట్లో ఒకవైపు ఎక్స్-రే గొట్టం, అవతలివైపు బొమ్మను పట్టే డిజిటల్ పలక పెట్టి, కిరణాలు తగలకుండా అందరినీ తాడు అవతలికి తరిమి, నేనూ వెళ్ళి మీట నొక్కుతాను. రేకుల్ని బిగించి ఉంచే లోపలి రివెట్లన్నీ కంప్యూటర్ తెర మీద కనబడతాయి.

ఒక రివెట్ పక్కన వెంట్రుకంత గీత కనబడింది. పగులైతే ఆ విమానం వారాల తరబడి షెడ్డు దాటదు. చెల్లెలి ముచ్చట కాస్తా మట్టికొట్టుకుపోతుంది.

సరిగ్గా అప్పుడే తన విమానాన్ని చూసుకుందామని ఊడిపడింది మహాతల్లి.

"ఏంటక్కా, మొహం అలా పెట్టావ్?"

"గీత కనబడిందే. పగులైతే ఆపేస్తాను."

"ఆపెయ్," అంది. కళ్ళు మాత్రం విమానం మీదే ఉన్నాయి. "పగులుండి నువ్వు ఆపకపోతే నేనే ఎక్కను."

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే తెర కనబడదని దాన్నే కసిరాను. "తాడు అవతలే ఉండు! కెప్టెన్‌వైతే నీ విమానంలో!"

మా పనిలో ఒక పద్ధతుంది. రెక్కను కదపకుండా పలకను మాత్రం రెండు వేళ్ళ మేర జరిపి మళ్ళీ తీస్తాం. నిజంగా పగులైతే బొమ్మలో రివెట్లతోపాటు అదీ జరుగుతుంది. జరగలేదంటే లోపం పలకదే.

తీశాను. రివెట్లు జరిగాయి. గీత తెర మీద ఉన్నచోటే ఉంది. నమ్మబుద్ధి కాక ఇంకో పలక తెప్పించి తీశాను. రెక్క కడిగిన ముత్యంలా ఉంది.

"ఏం లేదే! పలకదే తప్పు!" అని అరిచాను. చెల్లెలు నన్నెత్తి గిరగిరా తిప్పేసింది. మా సూపర్‌వైజరు "ఇది ఆడుకునే చోటు కాదమ్మా" అంటూనే చప్పట్లు కొట్టాడు. నాకు నేల మీద కాలు నిలవలేదు.

మర్నాడు తలుపులు మూశారు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మైకులో చెల్లెలి గొంతు వినిపించింది.

"నేను మీ కెప్టెన్‌ని. ఈ విమానంలో లోపం పట్టుకోవాలని నిన్న మా అక్క శతవిధాలా చూసింది. దొరికుంటే సొంత చెల్లెలినని కూడా చూడకుండా ఆపేసేది. కాబట్టి నిశ్చింతగా కూర్చోండి."