వణికిన చెయ్యి

వాకిలి ఊడ్చేటప్పుడు బండి చుట్టూ ఊడ్చి, బండి కింద వదిలేయడం నాకు అలవాటైపోయింది. "దాని జోలికి పోవాకు. ఇప్పటికి చేసింది చాలు" అని మా ఆయన ఉరుకుందు చెప్పి ఉన్నాడు గాబట్టి, రేకుల పందిరి కింద ఆ మోటార్ సైకిల్ నిలబడినంత మేరా దుమ్ము, పత్తి నూగు పేరుకుపోయినాయి. సీటు ఊడదీసి గోడకు ఆనించి ఉంది. ట్యాంకు మంచం కింద ఉంది. ఇంజన్ పైమూత తీసేసి, ఆ నోటి మీద నా పాత వాయిల్ చీర ముక్క కప్పినాడు. బండి అట్లా నోరు తెరుచుకొని నిలబడి నెలలైంది.

ఉగాది ముందర ఒక ఆదివారం మొదలైంది ఇదంతా. మా ఆయన ఆదోనిలో జిన్నింగ్ మిల్లులో తూకం దగ్గర పని చేస్తాడు. ఫోన్లో వీడియోలు చూసీ చూసీ ఒక క్యామ్ షాఫ్ట్ తెప్పించినాడు. ఇంజన్ తలలో తిరిగే చిన్న కడ్డీ అది. దాని మీద రెండు కోడిగుడ్డు మొన లాంటి బుడిపెలుంటాయి. అవి తిరుగుతా వాల్వులను తెరుస్తాయి, మూస్తాయి. ఈ కొత్తదానికి బుడిపెలు ఇంకా ఎత్తు. వాల్వులు ఎక్కువ తెరుచుకుంటాయి, ఇంజన్ ఎక్కువ గాలి పీలుస్తుంది, బండి ఉరుకుతుంది. నేను రొట్టెలు కొడతా ఉంటే పొయ్యి పక్కనే కూర్చొని ఆ వీడియోలు పెట్టేవాడు. ఆయన చూసేవాడు, నేను వినేదాన్ని. ఆ ఆదివారం నా పని టార్చి పట్టుకోవడం. దాంతోపాటు టీ పెట్టడం, బోల్టులు వేసుకోవడానికి స్టీలు తట్టలు ఇయ్యడం, చేతులు తుడుచుకోవడానికి గుడ్డలు చించడం, తర్వాత ఆ తట్టల జిడ్డు పోయేదాకా తోమడం. ఇవేవీ పనులు కావు. పని చేసేది ఆయన. "ఈ పక్క పెట్టు. ఇట్ల కాదే. కండ్లు యాడ పెట్టుకున్నావు?" పాత క్యామ్ తీసి గుడ్డలో చుట్టి అట్టపెట్టెలో పెట్టినాడు. కొత్తది చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు టింగుమని ఒక చప్పుడు వినిపించింది. ఆయన మొగం మాడిపోయింది. "పిన్ను. పిన్ను యాడ?"

చైను తిప్పే పళ్ల చక్రం క్యామ్ మీద సరిగ్గా కూర్చోవడానికి మధ్యలో ఒక పిన్ను ఉంటుంది. బియ్యపు గింజ కంటే కొంచెం లావు. అది కనిపించలేదు. "ఇంజన్ కడుపులోకి పడిపోయింది. మొత్తం ఇప్పాల్సిందే ఇంక. నీ చెయ్యి వణికింది, వెలుతురు కదిలింది, అది పడింది" అన్నాడు. ఆ మాట విన్నాక చూసుకుంటే నా చెయ్యి నిజంగానే వణుకుతా ఉండింది.

ఆ తర్వాత ఆ మాట ఇంట్లో ఒక మనిషి మాదిరి తిరిగింది. మిల్లులో ఆయన స్నేహితుడు నరసింహకు చెప్పినాడు. ఎమ్మిగనూరులో మా తమ్ముని బిడ్డకు పేరు పెట్టే రోజు భోజనాల బంతిలో కూర్చొని, "మా ఆమె టార్చి పట్టింది, నా బండి పండుకునింది" అని అందరినీ నవ్వించినాడు. మా అమ్మ కూడా నవ్వింది. పొద్దున ఆటో కోసం పోతా పోతా, "నీ పుణ్యాన ఆటోలో పోతాండా" అనేవాడు. మా అత్త భీమక్క ఇంటికొచ్చిన వాళ్లకు బండిని చూపించి, "కోడలి సెయ్యి వణికిందంట" అనేది. తిట్టినట్టు కాదు, ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు. నాకు కోపం రావాల్సింది. రాలేదు, ఎందుకంటే నేను నమ్మినాను. పాలు పొంగితే నేను, మా పాప కృతికి జ్వరం వస్తే నేను, మిల్లులో మేనేజరు ఆయన్ను అరిస్తే పొద్దున ఎదురుపడిన నేను. ఇన్నిట్లో ఇదొకటి కాకుండా ఎట్లా ఉంటుంది? నమ్మినాక నా చేతులను నేను చూసుకోవడం మొదలుపెట్టినాను. నేను ఇంట్లోనే మిషన్ కుడతాను. జాకెట్లు, లంగాలు, బడిపిల్లల యూనిఫారాలు. పట్టు గుడ్డ మీద కత్తెర ఆనించి ఆగిపోయేదాన్ని. ఒక్కసారి తప్పు కోస్తే మళ్లా అతికేది కాదు కదా. మెల్లగా పెండ్లి జాకెట్లు మానేసినాను. అడిగిన వాళ్లకు కండ్లు మసకలు వస్తున్నాయని చెప్పినాను.

మొన్న మా వీధి జ్యోత్స్న వచ్చింది. ఆమె పెండ్లి వచ్చే నెల. ఒళ్లో పట్టుగుడ్డ పెట్టి, "నువ్వే కుట్టాలక్కా, వేరేవాళ్లకు ఇయ్యను" అనింది. నేను నోరు తెరిచేలోపల, గడప దగ్గర శనక్కాయలు ఒలుస్తా ఉన్న మా అత్త అందుకునింది. "దాని సెయ్యి వణుకుతాది పాపా. పట్టు పాడుసేస్తాది. ఇంగెవరికన్నా ఇయ్యి."

జ్యోత్స్న నా చేతుల వైపు చూసింది. అంతకుముందు ఎవరూ నా చేతులను అట్లా జాలిగా చూడలేదు. గుడ్డ మడిచి సంచిలో పెట్టుకొని, "సరేలే అక్కా" అని పోయింది.

నేను బండి దగ్గరికి పోయినాను. ఈ ఆదివారం నరసింహ ఆటో తెస్తాడని, బండిని ముక్కల కింద అమ్మేస్తామని మా ఆయన చెప్పి ఉన్నాడు. పోనీ, అమ్మేలోపల ఆ పిన్ను ఒక్కటి తీసిస్తే తప్పు సగమన్నా దిద్దినట్టు ఉంటుంది అనుకున్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను. పడిన సూదులు ఏరుకునే అయస్కాంతానికి దారం కట్టి, చైను దిగే సందులోకి వదిలినాను. చేప కోసం గాలం వేసినట్టు లాగి లాగి చూసినాను. నల్లటి నూనె తప్ప ఏమీ రాలేదు. కింద బోల్టు విప్పి ఇంజన్ ఆయిలంతా గిన్నెలోకి దించి, పల్చటి గుడ్డలో వడగట్టినాను. ఏమీ లేదు. మా అత్త చేతిలో కాయ అట్లనే పట్టుకొని, "వాడొస్తే సంపుతాడే నిన్ను" అనింది.

అసలు ఆ పిన్ను ఎంత లావు ఉంటుందో చూద్దామని, అది దూరే బొక్క కోసం అట్టపెట్టెలోంచి పాత క్యామ్ తీసినాను. గుడ్డ విప్పినాను. చివర్లో జిడ్డు గట్టిపడి ఉంది. పెట్రోలు తడిపిన గుడ్డతో తుడిచినాను. బొక్క కనబడలేదు. బొక్కలో పిన్ను ఉంది.

అక్కడే ఉంది. మొదటి నుంచీ అక్కడే, జిడ్డు కింద, కదలకుండా. ఏదీ యాడా పడలేదు. ఆ టింగుమన్నది ఆయన మోచెయ్యి తగిలి స్టీలు తట్టలో ఒరిగిన పానా అయి ఉంటుంది. ఆయన కంగారుపడినాడు, వెతకలేదు, నన్ను చూసినాడు. నేనక్కడ ఉన్నాను గాబట్టి నా వల్ల అయింది.

నేల మీద కూర్చుండిపోయినాను. కోపం ముందు రాలేదు. ఎన్నో ఏండ్ల నుంచి నెత్తిన పెట్టుకున్న బిందె ఎవరో దించినట్టు మెడ తేలికైంది. రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాను. నిలకడగా ఉన్నాయి. నవ్వు వచ్చింది. నవ్వుతా ఉంటే కండ్లలో నీళ్లు వచ్చినాయి.

"ఏమైందే?" అనింది మా అత్త.

"పిన్ను దొరికిందత్తా. పాతదాంట్లోనే ఉంది. పడనే లేదు."

ఆమె ఒలవడం ఆపేసింది.

అప్పుడు అనుకున్నాను, అమ్మేదెందుకు, నేనే బిగిస్తానని. ఫోన్లో ఆ వీడియో పెట్టి, తట్టకు ఆనించి నిలబెట్టినాను. చైను లోపలికి జారిపోకుండా మా ఆయన తీగతో ఫ్రేముకు కట్టి ఉన్నాడు. ఆ పని బాగా చేసినాడు, కాదనను. పిన్ను కొత్త క్యామ్‌లోకి మార్చి, బుడిపెలకు కొత్త నూనె పూసి లోపలికి తోసినాను. మెత్తగా పోయి కూర్చునింది. పక్కనున్న చిన్న మూత తీసి, పానాతో ఇంజన్ను మెల్లగా తిప్పితే, లోపలి చక్రం మీది గీత ఆ మూత వెనక కిటికీలోని గీతకు ఎదురుగా రావాలి. అదే సమయానికి పైన పళ్ల చక్రం మీది గుర్తు కూడా ఇంజన్ తల అంచుకు సమంగా ఉండాలి. నా కుట్టుమిషన్ కూడా ఇంతే. సూది దిగే సమయానికి కింది షటిల్ కొక్కి రాకపోతే కుట్టు తప్పుతుంది. మొదటిసారి చైను ఒక పన్ను పక్కకు పడింది. గుర్తు అంచు దాటి పోయింది. చేత్తో తిప్పి చూసినందుకు తెలిసింది. తెలియకుండా స్టార్ట్ చేసి ఉంటే వాల్వు పోయి పిస్టన్‌కు కొట్టుకునేది. మళ్లా విప్పి, ఒక పన్ను జరిపి బిగించినాను. మళ్లా చేత్తో తిప్పినాను. ఎక్కడా పట్టలేదు. వాల్వు మీద సందు చూసే పల్చటి రేకు దూర్చి లాగితే, సూది పాదం కింద గుడ్డ లాగినట్టు కొంచెం పట్టి వచ్చింది. అంతే ఉండాలన్నాడు వీడియోలో ఆయన. మా ఆయన ఉగాది ముందరే తెచ్చి పెట్టిన కొత్త గ్యాస్కెట్ పట్టీ, పైమూత, కొత్త ఆయిలు, ట్యాంకు. సీటు పెట్టలేదు, అంతసేపు ఆగలేకపోయినాను.

కిక్కు కొట్టినాను. ఏమీ లేదు. మళ్లా కొట్టినాను. దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది. చోక్ లాగి ఇంకోసారి కొట్టినాను. లేచింది! పాత చప్పుడు కాదది. గుడగుడమని, కొంచెం ఎగిరెగిరి పడతా, కడుపులోంచి వచ్చే చప్పుడు. పందిరి రేకులు అదిరినాయి. నేను బండి పక్కన నిలబడి, నల్లటి చేతులు చీరకు తుడుచుకుంటా, అట్లనే వింటా ఉండిపోయినాను.

సాయంత్రం మా ఆయన వచ్చినాడు. చూసినాడు, తాళం తిప్పి కిక్కు కొట్టినాడు, చప్పుడు విన్నాడు. మొగం చిన్నపిల్లోని మొగమైంది. "ఎవరొచ్చినారు? నరసింహ పంపించినాడా మెకానిక్కును?"

"నేనే బిగించినాను. పిన్ను పాత క్యామ్‌లోనే ఉండింది."

నా గోర్ల వైపు చూసినాడు. "ఉంటాదిలే. సరే, ఇప్పుడైతే అయిపోయింది గదా" అన్నాడు. ఫోన్ తీసినాడు. "నరసింహా, ఆదివారం ఆటో వద్దురా. అమ్మేది లేదు. బండి లేసింది! ఆ… ఏమోరా, ఎట్లనో కుదిరిపోయింది."

ఎట్లనో. నేను చెయ్యి చాపినాను. "ఒకసారి ఇట్లియ్యండి." ఆయనకు అర్థం కాకుండానే ఇచ్చేసినాడు.

"నరసింహన్నా, నేను ఈశ్వరిని. ఆ రోజు పిన్ను యాడా పడలేదన్నా. పాతదాంట్లోనే ఉండింది. నా చెయ్యి వణకలేదు."

"అట్లనా సెల్లెమ్మా… మరి ఇన్ని దినాలు వీడు…"

"అదే అన్నా. మీకు తెలియాలని చెప్పినాను."

ఫోన్ తిరిగి ఇస్తే మా ఆయన గొంతు తగ్గించి, "ఇది వాడికి సెప్పాల్నా?" అన్నాడు.

"మీరు ఎవరెవరికి చెప్పినారో వాళ్లందరికీ చెప్తాను. రేపు మా అమ్మకు" అన్నాను. గొంతు పెంచి అనలేదు. ఆయన చేతులు కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి పోయినాడు. నేను జ్యోత్స్నకు ఫోన్ చేసి, గుడ్డ తీసుకొని రమ్మన్నాను.

ఫోన్ పెట్టేసి చూస్తే మా అత్త గడప దగ్గరే ఉంది. శనక్కాయలు ఇంకా సగం గంపలోనే ఉన్నాయి. "ఈశ్వరీ, ఈడికి రా. ఒక మాట అడుగుతా" అనింది. పక్కన కూర్చున్నాను.

"నేను కొత్తగా కాపురానికొచ్చినప్పుడు, హొళగుంద కాడ మా ఊర్లో, మీ మామకు జోడెద్దులుండె. ఎర్రెద్దు ఒకనాడు పొద్దున్నే కడుపుబ్బి సచ్చిపాయె. నేను పెట్టిన కుడితి వల్లనే అని మీ మామ ఊరంతా సెప్పె. పాపపు సెయ్యి అనె. ఆయప్ప సచ్చేదాంకా ఏ గొడ్డుకూ నన్ను కుడితి పెట్టనియ్యలే." ఆమె తన అరచేతుల్లోకి చూసుకునింది. "తవుడు, బియ్యం కడిగిన నీళ్లు. అంతే కలిపింటినమ్మా. ఇంగేం ఎయ్యలే. అది గూడా నా వల్ల కాదేమో గదా?"

మామను నేను ఫోటోలో తప్ప చూడలేదు. ఆ ఎద్దు ఎందుకు చచ్చిపోయిందో నాకేం తెలుసు?

"కాదత్తా. నీ వల్ల కాదు" అన్నాను.

ఆమె ఒళ్లోని పొట్టు దులుపుకొని, గోడ పట్టుకొని లేచి నిలబడింది.

"హౌదు, నిజమే" అనింది, తనకు తానే. "కుడితి తాగి ఎద్దు సస్తాదా యాడన్నా?"