క్యాంపులో తాగిన టీ

సెంట్రీ చెయ్యెత్తగానే చర్ల వెళ్లే జీపు ఆగింది. ఇసుక బస్తాల వెనక నుంచి వచ్చిన కానిస్టేబుల్ లోపలికి తొంగి చూసి, చీపురు కట్టల మధ్య ఇరుక్కుని కూర్చున్న పూలిని పిలిచాడు.

"మేడం, మీరు దిగండి. ఎస్సై సార్ మాట్లాడతరంట."

జీపులో ఉన్నవాళ్లు ఒక్కరూ ఆమె వైపు చూడలేదు. ఆమె దిగీ దిగగానే జీపు వెళ్లిపోయింది.

బానోతు పూలి డాక్టరేటు కోసం పరిశోధన చేస్తోంది. ఇల్లెందు దగ్గరి తండాలో పుట్టింది. ఆ తండా నుంచి యూనివర్సిటీ దాకా వెళ్లిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. ఛత్తీస్‌గఢ్‌లో పోలీసులకూ నక్సలైట్లకూ మధ్య గొడవలకు తట్టుకోలేక సరిహద్దు దాటి వచ్చి, చర్ల అడవిలో కొత్తగా గుడిసెలు వేసుకున్న కోయ కుటుంబాల గురించి రాస్తోంది. అక్కడి ఆడవాళ్లు పోడు ఎలా కొడుతున్నారు, విత్తనం ఎలా దాచుకుంటున్నారు అన్నది ఆమె అంశం. అది 2007, ఆమె అక్కడికి వెళ్లిన రెండో ఎండాకాలం. వెళ్లినప్పుడల్లా మంగ్లి అనే ఆమె ఇంట్లో ఉండేది. ఇప్పుడు కూడా అక్కడి నుంచే వస్తోంది.

ఎస్సై కుర్రవాడు. కుర్చీ చూపించి టీ తెప్పించాడు.

"పీహెచ్‌డీ అంట కదండీ. నేనూ పీజీ దాకా చదివాను. ఉద్యోగం రావడంతో వదిలేశా. తాగండి, చల్లారిపోతుంది."

పూలి గ్లాసు అందుకుంది. వద్దంటే ఏమనుకుంటాడోనని తాగింది.

"లోపల తిండికి ఇబ్బంది లేదు కదా? ఎవరింట్లో ఉంటున్నారు?"

"మంగ్లి వాళ్లింట్లో సార్."

అడిగినంత మామూలుగానే చెప్పేసింది. చెప్పాక గ్లాసు కింద పెట్టింది. ఎస్సై ఆ పేరు రాసుకోలేదు, తల ఊపాడంతే. రాసుకుని ఉంటే ఆమెకు అంత భయం వేసేది కాదేమో.

"ఈసారి వెళ్లినప్పుడు బయటివాళ్లు ఎవరైనా అన్నానికి వస్తున్నారేమో చూడండి. పెద్ద పనేం కాదు. ఆడపిల్లై ఉండి ఒంటరిగా ఈ దారిలో తిరుగుతున్నారు, మీ మంచిచెడ్డలు మేమూ చూసుకోవాలి కదా."

గేటు దాటి, ఇంకో జీపు కోసం ఆగకుండా చర్ల వైపు నడిచింది.

చర్లలో ఎస్‌టీడీ బూత్ నుంచి గైడుకు ఫోన్ చేసింది. ప్రొఫెసర్ వెంకటరామారావు అంతా విని నవ్వాడు.

"దానికే భయపడితే ఎట్లా? పోలీసులతో మంచిగా ఉండు. ముందు ఆ గూడేలన్నిటి మ్యాపు గియ్యి. మ్యాపు లేకపోతే ఎగ్జామినర్ నమ్మడు. నీ ఫెలోషిప్ ఈ ఏడాదితో అయిపోతుంది, గుర్తుంది కదా?"

"ఉంది సార్."

బస్టాండులో భద్రాచలం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఎక్కితే భద్రాచలంలో బస్సు మారి రాత్రికల్లా యూనివర్సిటీ హాస్టల్ గదిలో ఉంటుంది. ఒక కాలు మెట్టు మీద పెట్టింది కూడా. కానీ మంగ్లికి ఇంకా ఏమీ తెలియదు. పోలీసులు వస్తే ఎందుకు వచ్చారో, తన పేరు ఎవరు చెప్పారో కూడా తెలియదు. పూలి కాలు వెనక్కి తీసుకుంది.

క్యాంపు ముందు నుంచి వెళ్లే ధైర్యం లేక వాగు పక్క బాటన నడిచింది. ఎండుటాకుల మీద తన అడుగుల చప్పుడే వెనక ఎవరో వస్తున్నట్టు వినిపించేది. ఆగితే ఆ చప్పుడూ ఆగేది. అయినా తిరిగి చూడకుండా ఉండలేకపోయింది. నీళ్లు తాగడానికి వంగి, వంగితే వెనక కనిపించదని తాగకుండానే లేచింది.

మంగ్లి వాకిట్లో అడవిలోంచి వచ్చిన ఇద్దరు కొత్త మనుషులు కూర్చుని ఉన్నారు. మంగ్లి భర్త హేమ్లా చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆ జీపులో చర్ల వెళ్లి తిరిగొచ్చినవాళ్ల ద్వారా కబురు ఆమె కన్నా ముందే చేరింది.

"క్యాంపుల టీ తాగినవట?" ఇద్దరిలో పెద్దవాడు అడిగాడు. గొంతు పెంచలేదు.

"అవ్."

"ఏం అడిగిండు?"

పూలి అంతా చెప్పింది. అన్నానికి ఎవరొస్తున్నారో చూడమన్నాడని కూడా చెప్పింది.

"నువ్వేం చెప్పినవ్?"

అబద్ధం చెప్పినా పట్టుకునేవాళ్లు లేరు. క్యాంపులో ఆ మాటలు విన్నది తనూ, ఆ ఎస్సై మాత్రమే.

"ఎవరింట్ల ఉంటవంటే మంగ్లి పేరు చెప్పిన. గంతే. గది చెప్పనీకే మళ్లొచ్చిన."

హేమ్లా నిలబడ్డవాడు నిలబడ్డట్టే కింద కూలబడ్డాడు. పెద్దవాడు రెండోవాణ్ణి తీసుకుని చింతచెట్టు దాకా వెళ్లి మాట్లాడాడు. మాటలు వినిపించలేదు. వాళ్లు ఒకసారి తన వైపు చూసినప్పుడు పూలికి అమ్మ గుర్తొచ్చింది. తను ఎక్కడుందో అమ్మకు సరిగ్గా తెలియదు. ఈ ఊరి పేరు తండాలో ఎవరికీ తెలియదు. గుడిసె నీడ వాకిలి దాటి పోయేదాకా ఆమె కదలకుండా కూర్చుంది.

చివరికి మంగ్లే లేచి వాళ్ల దగ్గరికి వెళ్లింది.

"మోసం చేసేటిదైతే ఎనక్కి ఎందుకొస్తది?" అంది.

పెద్దవాడు తిరిగొచ్చి చెయ్యి చాపాడు. "టేపు ఇయ్యి. క్యాసెట్లు గూడ."

ఆడవాళ్ల దగ్గర రికార్డు చేసుకున్న రెండు ఎండాకాలాల మాటలు ఆ క్యాసెట్లలో ఉన్నాయి. పూలి సంచీ మొత్తం ఇచ్చేసింది.

"పో. మళ్ల ఈ దిక్కు రాకు."

వాళ్లు వెళ్లగానే మంగ్లి గిన్నెలు మూట కట్టడం మొదలుపెట్టింది. హేమ్లా చూరుకు వేలాడుతున్న విత్తనాల సొరబుర్రలు దించాడు.

"ఏడికి పోతరు?" అని అడగబోయి పూలి ఆగిపోయింది. "నా వల్లనే కదా" అంది.

"అవ్, నీ వల్లనే." మంగ్లి తల ఎత్తలేదు. "అయినా వచ్చి చెప్పినవ్. లేకుంటే మేం ఇంట్లనే దొరుకుతుంటిమి. జల్దీ పో అక్కా, పొద్దుండంగనే వాగు దాటు."

ఆ వారంలోనే పోలీసులు ఆ గుడిసెకు వచ్చారని, లోపల ఎవరూ లేరని చర్ల జీపు డ్రైవర్ ద్వారా తెలిసింది. ఆ మాట విన్నాక కూడా పూలికి చాలాకాలం సరిగా నిద్ర పట్టలేదు. హాస్టల్ కారిడార్‌లో బూట్ల చప్పుడైతే లేచి కూర్చునేది.

గుర్తున్నంతా కూడగట్టి థీసిస్ రాసింది. మ్యాపు మాత్రం గియ్యలేదు. "ఇది పరిశోధన కాదు, ముచ్చట్లు" అని వెంకటరామారావు సంతకం పెట్టకుండా పక్కన పడేశాడు. ఫెలోషిప్ ఆగిపోయింది. భద్రాచలంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా చేరి, సెలవు దొరికినప్పుడల్లా యూనివర్సిటీకి వెళ్లి ఆయన గది ముందు నిలబడింది. రెండేళ్ల తర్వాత, తను రిటైరయ్యే ముందు, ఆయన సంతకం పెట్టాడు.

వైవాలో బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ కళ్లద్దాలు తీసి అడిగాడు. "ఈ ఊరెక్కడుందమ్మా?"

"చెప్పలేను సార్. చెప్తే అక్కడివాళ్లకు ప్రమాదం."

ఆయన గైడు వైపు చూశాడు. గైడు కిటికీ వైపు చూశాడు. పూలి ముందున్న థీసిస్ మూసేసింది. పోయిందనే అనుకుంది.

"సరే. విత్తనాల సంగతి చెప్పు" అన్నాడాయన.

డాక్టరేటు వచ్చింది. కాలేజీలో జీతం మాత్రం పెరగలేదు.

ఆ చలికాలం భద్రాచలం మార్కెట్లో చింతపండు బుట్ట ముందు మంగ్లి కనిపించింది. పూలి పలకరించాలా వద్దా అని నిలబడిపోతే మంగ్లే పలకరించింది.

"చదువు అయిందా అక్కా?"

"అయింది."

"నన్ను రాసినవా?"

"రాసిన. పేరు మార్చిన. గంగక్క అని."

"ముసలిదాని పేరు పెట్టినవ్" అని మంగ్లి నవ్వింది. నవ్వుతూనే రోడ్డు వైపు చూస్తోంది.

ఇప్పుడు ఎక్కడుంటున్నారన్న మాట పూలి నోటి దాకా వచ్చింది. అడగలేదు. మంగ్లీ చెప్పలేదు. కాసేపటికి బుట్ట నెత్తికెత్తుకుని ఆటోలు ఆగేచోటికి నడిచింది. ఆమె ఏ ఆటో ఎక్కుతుందో తన కంట పడకుండా, పూలి అటు తిరిగి గోదావరి వైపు నడిచింది.