తూకం, తేమ వేర్వేరుగా

తూకాన్నీ తేమనీ రెండు ముక్కలుగా విడగొట్టాలని పట్టుబట్టింది నేనే. మిర్చి కోల్డ్ స్టోరేజీలకు మా కంపెనీ రాసే సాఫ్ట్‌వేర్ అది. ఒక్కో ముక్కా విడిగా నడుస్తుంది, ఒక్కోదానికీ ఒక మనిషి. చిన్న ముక్కలైతే మార్చడం తేలికని మీటింగులో అరగంట ఊదరగొట్టాను. అందరూ నమ్మారు. పచ్చి అబద్ధం. తేమ ఎక్కువుంటే తూకంలో తరుగు తీస్తారు. ఒకటి మారితే రెండోదీ మారాల్సిందే. అంటే ఒంగోలులో తూకం ముక్క చూసే ఉదయశ్రీ, అద్దంకిలో తేమ ముక్క చూసే నేను రోజూ ఫోన్‌లో మాట్లాడుకోవాల్సిందే. నాకు కావలసింది అదే.

ఆఫీసు ఎత్తేసి అందరినీ ఇంటి నుంచే పనిచేయమన్నాక, మేడ మీద గదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. కింద ఇంటివాళ్లు పొద్దున్నే పొలం వెళ్లిపోతారు. ఉదయశ్రీతో పావుగంట పని, ముప్పావుగంట కబుర్లు. ఓ ఆదివారం పనేమీ లేకుండానే ఫోన్ చేశాను.

"ఏంటే సిద్దికా, ఏదన్నా ఆగిపోయిందా?" అని కంగారుపడింది.

ఏమీ లేదని పెట్టేశాను. ఆ తర్వాత ఎంత ఏడ్చానో చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

మార్చిలో తరుగు లెక్క మారింది. ఉదయశ్రీ తన ముక్క వెంటనే మార్చేసింది. నాది గంట పని. రేపు మళ్లీ ఫోన్ చేసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని మిగిల్చాను. తెల్లారేసరికి రెండింటికీ పొంతన కుదరక తూకాలు ఆగిపోయాయి. మిర్చి టిక్కీ బస్తాలతో వచ్చిన ట్రాక్టర్లు మధ్యాహ్నం దాకా ఎండలో బారులు తీరాయి. ఒక ముసలి రైతు సొమ్మసిల్లి పడిపోయాడట.

సాయంత్రం మా టీమ్ లీడ్ ఇలియాస్ గారు ఫోన్ చేశారు. "నిజం చెప్పండి సిద్దికా గారూ. అవి రెండూ వేరుగా ఉండాల్సిందేనా?"

అవునంటే ఇంకోసారి నమ్మేవారే. ఆ రైతు గుర్తొచ్చాడు.

"అక్కర్లేదు సార్. ఎప్పుడూ కలిసి మారేవాటిని విడదీయకూడదు. తప్పు నాదే. కలిపేసి ఒక్కరికే ఇచ్చేయండి."

నాకే ఇచ్చారు. ఉదయశ్రీని వేరే ప్రాజెక్టులో వేశారు. వారంలో కలిపేశాను. తూకాలు చకచకా నడుస్తున్నాయి.

"శభాష్! ఇంక మీరు ఏ పనికీ ఎవరికీ ఫోన్ చేయాల్సిన అవసరం లేదండీ," అని మెచ్చుకున్నారు ఇలియాస్ గారు.

"థాంక్యూ సార్," అన్నాను.

ఆ రోజు మొత్తం మీద నేను మాట్లాడినవి ఆ రెండు మాటలే.