నీళ్ళందించే చోటు

"ఎండకు కళ్ళు తిరిగి ఆ రాళ్ళల్లో పడితే నిన్ను ఎవరు లేపుతారే?"

గుమ్మంలో నిలబడి అడిగాను. మా సువార్త హెల్మెట్ పట్టీ బిగించుకుంది. పట్టీ టిక్కుమంది. అదే జవాబు. సైకిలు భుజాన వేసుకుని బోయిగూడలోని మా రెండో అంతస్తు మెట్లు దిగిపోయింది. ఏప్రిల్ ఆఖరు, మధ్యాహ్నం ఒంటిగంట. సందులో కుక్కలు కూడా నీడ వెతుక్కునే వేళ.

"ఎన్నింటికొస్తావే?" అని పైనుంచి మళ్ళీ అరిచాను. అప్పటికే సందు మలుపు తిరిగింది.

అది నాతో మాట్లాడి నెల దాటింది.

తప్పు నాదే. మా చర్చి వాకిట్లో ప్రార్థన మనవుల పెట్టె ఉంటుంది. కష్టమున్నవాళ్ళు చీటీ రాసి వేస్తే ఆదివారం ఆరాధనలో మేబెల్ అక్క పైకి చదువుతుంది, సంఘమంతా ప్రార్థిస్తుంది. తెలివిగలవాళ్ళు "ఒక సహోదరి కుమార్తె" అని రాస్తారు. సికింద్రాబాద్‌లో ఎందరు సహోదరీలు, ఎందరు కుమార్తెలు! నా ప్రార్థన ఇంకొకరి ఖాతాలో పడుతుందేమోనన్న భయంతో నేను ఇంటిపేరు, వయసుతో సహా రాశాను. నా కుమార్తె సువార్తకు, వయసు ఇరవై ఆరు, సైకిలు పందేల పిచ్చి వదలాలని, కాలో చెయ్యో విరగకముందే ఆ సైకిలే విరగాలని, త్వరలో వివాహ ఘడియ రావాలని.

మేబెల్ అక్క ఒక్క అక్షరం వదలకుండా చదివింది. వెనక బెంచీల్లో ఎవడో కుర్రాడు ప్రార్థన మొదలవకముందే "ఆమేన్" అన్నాడు. నవ్వులు. సువార్త గాయకబృందంలో రెండో వరసలో నిలబడి ఉంది. తర్వాతి కీర్తన చివరిదాకా పాడింది. ఇంటికొచ్చి బృందం వాళ్ళ తెల్ల అంగీ మడత పెట్టి వాళ్ళ నాన్న చేతిలో పెట్టింది. "ఇది తిరిగి ఇచ్చేయండి నాన్నా" అంది. నా వైపు చూడలేదు.

ఆ రోజు నుంచి మాటలన్నీ వాళ్ళ నాన్న మీదుగానే. ఆయన పేరు జ్ఞానశేఖర్, రైల్వే ఆఫీసులో గుమాస్తా. నేను పెనం దగ్గర, అది బల్ల దగ్గర, మధ్యలో మూడడుగులు.

"నాన్నా, రెండు చపాతీలు చాలని చెప్పండి."

"రెండు చాలంట కాంతమణీ."

"నాకు చెవులున్నాయి."

"మరి ఆ మాట కూడా దానికి చెప్పనా?" అనేవారు ఆయన. నవ్వించబోయేవారు. ఎవరూ నవ్వేవాళ్ళం కాదు.

ఇదివరకు సాయంత్రాలు వంటింటి గట్టెక్కి కూర్చుని, పిక్కల్లో దిగిన ముళ్ళు తీసుకుంటూ కబుర్లు చెప్పేది. శామీర్‌పేట అవతల ఏ గుట్ట మీద ఏ బండ జారిందో, ముందుచక్రం ఎలా గాల్లోకి లేచిందో. "చెప్పకే, నా గుండె ఆగిపోతుంది" అని చెవులు మూసుకునేదాన్ని. ఇప్పుడు ఆ బండల కబుర్ల కోసమే చెవులు కోసుకుంటున్నాను. పోనీ పడ్డానని చెప్పినా బాగుండును. మాట వినపడుతుంది కదా.

రోజూ ఉప్పు, పంచదార, నిమ్మరసం కలిపి సీసా నింపి కిటికీలో పెట్టేదాన్ని. అది కుళాయి నీళ్ళు పట్టుకుపోయేది. సాయంత్రం ఆ వేడెక్కిన నీళ్ళు నేనే తాగేదాన్ని. పారబొయ్యడానికి చేతులు రాలేదు.

చివరికి ఆగలేక రెజిమెంటల్ బజార్‌లో దాని సైకిలు బాగుచేసే పర్వతాలు దుకాణానికి వెళ్ళాను.

"పర్వతాలూ, మిట్టమధ్యాహ్నమే ఎందుకు పోతుందయ్యా ఇది? పొద్దున్నే పోకూడదా? మా నాన్న వడదెబ్బకే పోయాడు."

అతను చక్రం తిప్పుతూనే చెప్పాడు. "ఏందమ్మా, గింత పరేషాన్ ఎందుకు? పందెం మే నెలల, పొద్దున పదిగంటలకు షురూ. బిడ్డ ఫ్యాను కింద పండుకుని పోతే ఆడ పడిపోతది. అందుకే ఎండకు పానం అలవాటు చేసుకుంటున్నది. రోజుకు జెరంత పెంచుతున్నది. బతుకు మీద భయమున్నోళ్ళే గిట్ల చేస్తరు. మీ భయమే ఆమెకు సుత వచ్చింది, కాకపోతే ఆమె దాన్ని తొక్కుతున్నది, మీరు మోస్తున్నరు."

చక్రం ఆపి చేతులు తుడుచుకున్నాడు.

"ఆ దినం నీళ్ళందించనీకి నన్ను రమ్మన్నది. ఆటోల జాగ ఉంటది. మీరు సుత రాండ్రి."

పందెం ఆదివారం. పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళలో ఆదివారం ఆరాధన మానింది నేను కాన్పుకు ఆస్పత్రిలో ఉన్నప్పుడే. శనివారం సాయంత్రం చర్చికి వెళ్ళి పెట్టెలో ఇంకో చీటీ వేశాను, మళ్ళీ ఇంటిపేరుతో సహా. "లోగడ నా కుమార్తె గురించి సంఘం ఎదుట రాసినది తప్పు. రేపు ఆమె పందెం చూడబోతున్నాను. క్షేమం కొరకు ప్రార్థించండి." తప్పు ఎక్కడ చదివించానో దిద్దుబాటు కూడా అక్కడే చదవాలి.

ఊరి బయట గుట్టల్లో నాలుగు రౌండ్ల పందెం. విజయవాడ నుంచి, వరంగల్ నుంచి, విశాఖ నుంచి కూడా వచ్చారు. నేల మీద సున్నంతో రెండు గీతలు గీశారు. ఆ గీతల మధ్యే సీసా అందించాలి. మొదటి రెండు రౌండ్లు పర్వతాలే అందించాడు. నేను గొడుగు కింద దూరంగా నిలబడ్డాను. సువార్త నన్ను చూసిందో లేదో తెలియలేదు. ముఖమంతా దుమ్ము.

మూడో రౌండులో గుట్ట మీద కేకలు వినపడ్డాయి. ఎవరో పడ్డారన్నారు. ఆడపిల్ల అన్నారు. గొడుగుతోనే గీతల మధ్య ఉన్న పర్వతాలు దగ్గరికి వెళ్ళాను.

"నేను చూసొస్తా. మీరీడ నిలబడుండ్రి" అన్నాడు పర్వతాలు. తన సీసా తడిమి చూశాడు. "ఇది చాయ్ లెక్క కాగింది. మీ దగ్గరున్నదే ఇయ్యండ్రి."

తడిగుడ్డ చుట్టి తెచ్చుకున్న నా నిమ్మనీళ్ళు ఇంకా చల్లగా ఉన్నాయి.

"మూత కాడ రెండు వేళ్ళతో పట్టుకుని చెయ్యి చాపుండ్రి. గుంజుకోంగనే ఇడిచిపెట్టుండ్రి. ఉరకొద్దు. గీత దాటితిరా, బిడ్డను పందెంల నుంచి తీసేస్తరు" అంటూ పరుగెత్తాడు.

గొడుగు కింద పడేశాను. చెయ్యి చాపాను. గుట్ట వైపు పరుగెత్తమని ఒళ్ళంతా లాగుతోంది. పడింది అదేనా? ఎముక విరిగిందా? నీళ్ళెవరు పోశారు? దేవా, ఆ సైకిలు విరగాలన్న మాట నువ్వు నిజంగా విన్నావా? సున్నపు గీత నా చెప్పుకు బెత్తెడు దూరంలో ఉంది. కదల్లేదు.

దుమ్ము లేచింది. అందులోంచి ఎర్ర హెల్మెట్. సువార్తే. మోచెయ్యి గీరుకుపోయి ఉంది, కానీ రెండు కాళ్ళూ తొక్కుతున్నాయి. నా చేతిలో సీసా చూసింది. నన్ను చూసింది. వేగం కొంచెం తగ్గించింది. వేళ్ళు నా వేళ్ళను రాసుకుంటూ సీసాను లాక్కున్నాయి. వదిలేశాను.

ఏం చెప్పాలో చాలా అనుకుని వచ్చాను. నోట్లోంచి రోజూ మెట్ల మీద వచ్చేదే వచ్చింది.

"ఎన్నింటికొస్తావే?"

వెళ్ళిపోయింది. ఎదురుగా ఎత్తు. తల వెనక్కి వాల్చి నిమ్మనీళ్ళు సగం తాగింది, తక్కినవి మెడ మీద పోసుకుంది. గేరు మార్చిన చప్పుడు. ఆ ఎత్తు సగం ఎక్కేదాకా ఏమీ లేదు. అప్పుడు వెనక్కి తిరక్కుండానే గట్టిగా అరిచింది.

"అరగంటమ్మా! ఆ గొడుగు తీసుకుని నీడకు పో, పడిపోతావ్!"