నడి ఏట్లో సంత

నేను ఒక బల్లకట్టును. రెండు ఇనుప పడవల మీద పలకలు పరిచి ఇంజను బిగిస్తే నేనయ్యాను. లారీలు మోశాను, గొర్రెల మందలు మోశాను, పెళ్లివారిని మోశాను. అన్నిటికంటే బరువైనది మాత్రం ఒప్పందం.

ఏటికి ఈ ఒడ్డున ఒక రాష్ట్రం, ఆ ఒడ్డున ఇంకొకటి. కలిసి వ్యాపారం పెంచుకుందామని చెరిసగం పెట్టుకుని నన్ను చేయించాయి. ఎవరి సగానికి వారి రంగు వేశారు. ఏటి నడుమ ఒక ఎర్ర పీపా తేలేలా కట్టారు. అక్కడిదాకా ఈ ఒడ్డు డ్రైవరు నాసరయ్య నడపాలి. అక్కణ్నుంచి ఆ ఒడ్డు డ్రైవరు సైదులు వచ్చి ఎక్కాలి. సైదులు నాసరయ్యకు సొంత చెల్లెలి మొగుడు. ఆ సంగతి ఒప్పందంలో లేదు.

సద్దుల బతుకమ్మ నాటి పొద్దున కోటేశ్వరమ్మ గంపలకొద్దీ బంతిపూలు ఎక్కించింది. కౌలు చేలో ఆరుగాలం నీళ్లు మోసి పెంచిన పూలు. ఆ ఒడ్డున ఆడవాళ్లు ఆ రోజే బతుకమ్మ పేరుస్తారు. తెల్లారితే వాటిని మేకలు కూడా ముట్టవు. తీరా పీపా దగ్గరికి చేరాక సైదులు లేడు. వాళ్ల ప్రభుత్వం పండగ సెలవిచ్చింది.

"ఎనక్కి తిప్పుతానమ్మా. పీపా దాటితే నా ఉద్యోగం పోద్ది," అన్నాడు నాసరయ్య.

"తిప్పు చూద్దాం!" కోటేశ్వరమ్మ లంగరును కాలితో ఏట్లోకి తోసేసింది. "మీ చెల్లికి ఫోన్ చెయ్యి."

అరగంటలో నాసరయ్య చెల్లెలు జానమ్మ గుండ్రటి పుట్టిలో తెడ్డేసుకుంటూ వచ్చింది. వెనక పదిహేను పుట్లు.

"అక్కా, పూలు మంచిగున్నయ్! మా తాన కందులున్నయ్, తీస్కుంటవా?"

మధ్యాహ్నానికి గంపలు ఖాళీ. కోటేశ్వరమ్మ ఒక గంప బోర్లించి దానిమీద కూర్చుని నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత ఎవరూ అవతలికి పోతామనలేదు. వారం వారం నా మీదే సంత. మిరపకాయలు, చేపలు, గాజులు, ఓ మూల క్షవరం. దాటించడానికి పుట్టిన నేను కదలకుండా ఉంటేనే జనానికి పనికొచ్చాను.

ఈ సంగతి తెలిసి చెరో ఒడ్డు నుంచి ఇద్దరు అధికారులు పన్ను వసూలుకు వచ్చారు: శరభేశ్వరరావు, మాధవరెడ్డి. నీటివాలుకి నేను పీపాకు ఇటు ఊగితే ఒకరు రసీదు చింపేవారు, అటు ఊగితే ఇంకొకరు. గాలి లేచిన రోజున ఒక్క సొరకాయకు నాలుగు రసీదులు తెగాయి. కోటేశ్వరమ్మ బేరం మధ్యలో ఆపి, "ఇప్పుడు మనం ఎక్కడున్నాం సార్?" అని అడిగేది.

చివరికి పక్కవాడికే ఎక్కువ ముడుతోందని ఇద్దరికీ అనుమానం పట్టుకుంది. నా మీదే కుర్చీలు వేయించుకుని, మొదటిసారిగా ఒక్క మాట మీదకు వచ్చారు: సంత రద్దు, బల్లకట్టు రద్దు, సంతకం పడిన క్షణం నుంచే అమలు.

"మా నోట్లో మట్టి కొట్టడానికి మాత్రం ఒక్కటయ్యారా?" అంది కోటేశ్వరమ్మ. వాళ్లు తలెత్తకుండా సంతకాలు చేశారు.

నాసరయ్య ఇంజను తాళం తీసి కాగితం పక్కన పెట్టాడు. "రద్దయినదాన్ని నడిపితే కేసవుద్ది సార్."

ఎండ నడినెత్తికి వచ్చింది. అప్పటికి జానమ్మ పుట్టి కనిపించింది. అధికారులిద్దరూ కాగితం పట్టుకుని పరుగున అందులోకి దూకారు.

"ముందుగాల ఏ ఒడ్డుకు సారూ?"

చెరో దిక్కు చూపించారు. జానమ్మ కాసేపు ఇటు, కాసేపు అటు తెడ్డేసి చాలించింది. పుట్టి గిర్రున తిరగసాగింది. అధికారులు ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకున్నారు.

"జానమ్మా, ఏందిది?" మాధవరెడ్డి అరిచాడు.

"మీ కాయితం చింపితేనే తెడ్డేస్త."

నా మీద కోటేశ్వరమ్మ చుట్లు లెక్కపెడుతోంది. నాలుగో చుట్టుకి కాగితం చినిగింది. ముక్కలు నీళ్లలో పడగానే అధికారులిద్దరూ మెడలు సాచి, అవి ఎవరి వైపుకి కొట్టుకుపోతున్నాయో చూడసాగారు.