పెన్సిల్ చుక్క

మా బల్లి వేలెడంత ఉంటుంది. ఇంట్లో గోడల మీద పాకే రకం కాదు, గోడ ఎక్కమన్నా ఎక్కలేదు. ఇసుకలో కూరుకుపోకుండా కాలివేళ్ళ అంచున సన్నటి పొలుసుల కుచ్చు ఉంటుంది. పగలంతా మూరెడు లోతు బొరియలో, కాస్త తడి మిగిలిన చోట పడుకుంటుంది. తాగడానికి నీళ్ళెక్కడివి? ఒంటి మీద పేరుకున్న మంచునే నాకుతుంది. కళ్ళకి రెప్పలు లేవు, దుమ్ము పడితే నాలుకతోనే తుడుచుకుంటుంది. పదకొండేళ్ళుగా ఇదంతా చెబుతున్నా మా చుట్టాలకి చెవికెక్కదు. "బల్లుల్ని చూసుకుంటే జీతమిస్తారా?" అని ఒకటే నవ్వు. నాకు ఒళ్ళు మండుతుంది.

అవి బతికే ఇసుకదిబ్బల్ని సోలార్ పలకల కోసం చదును చేశారు. అంతకుముందు వారం రోజులు గాలిస్తే ఒక్క ఆడబల్లి దొరికింది, అప్పటికే కడుపుతో ఉంది. మా పరిశోధనశాలలో రెండు గుడ్లు పెట్టి, పన్నెండో రోజున చచ్చిపోయింది. బఠాణీ గింజ కంటే కాస్త పెద్దవి ఆ గుడ్లు. ఆ దిబ్బల తాలూకు మిగిలింది ఆ రెండే. పెట్టిన రోజునే వాటి నెత్తిన పెన్సిల్‌తో చెరో చుక్క పెట్టాను, ఏ వైపు పైకి ఉందో తెలియడానికి.

ఇంతలో ఆఫీసులో వైరింగ్ మరమ్మతని మూడు రోజులు కరెంటు తీసేశారు. గుడ్లపెట్టె ఇంటికి తెచ్చాను. సరిగ్గా ఆ మూడు రోజులే నేను వేరే దిబ్బల్లో బల్లుల్ని లెక్కపెట్టడానికి వెళ్ళాలి. మా ఆయన కూడా డ్యూటీ మీద ఊళ్ళో లేరు. ఇంట్లో ఉన్నది మా మావయ్యగారు. ముప్ఫై ఏళ్ళు కోడిపిల్లల్ని పొదిగించే హేచరీలో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. గుడ్ల గురించి ఆయన్ని ఎవరైనా అడిగి ఏడేళ్ళయింది. పెట్టె చూడగానే ముఖం వెలిగిపోయింది.

"వేడి ఇరవైతొమ్మిది దగ్గర ఉండాలి, ఇసుక తడారకూడదు. అంతే మావయ్యగారూ."

"నాకు చెబుతున్నావా అమ్మాయ్? కంటికి రెప్పలా చూసుకుంటాగా."

"దానికి రెప్పల్లేవండీ."

ఇద్దరం నవ్వుకున్నాం. అసలు మాట మాత్రం చెప్పలేదు. మా పరిశోధనశాలలో ఆ మాట ఎవరూ ఎవరికీ చెప్పరు, నిప్పులో చెయ్యి పెట్టకని పెద్దవాళ్ళకి చెబుతామా?

తిరిగొచ్చి, చెప్పులైనా విప్పకుండా పెట్టె తెరిచాను. చుక్కలు కనబడలేదు.

"రోజుకి మూడుసార్లు తిప్పానమ్మా. ఇప్పటికి తొమ్మిది. ఒక్క పూట తప్పితే ఒట్టు," అన్నారు మావయ్యగారు, మెచ్చుకుంటానని చూస్తూ.

కోడిగుడ్డును తిప్పకపోతే పిండం పెంకుకి అతుక్కుని చస్తుంది. బల్లిగుడ్డులో పిండం పైపెంకుకి అతుక్కునే బతుకుతుంది. తిప్పితే పచ్చసొన కింద నలిగిపోతుంది.

"చంపేశారు! ఇదేమన్నా మీ కోళ్ళఫారం అనుకున్నారా?" అని అరిచేశాను. వెంటనే నాలుక కరుచుకున్నాను గానీ ఏం లాభం? ఆయన తన చేతులకేసి చూసుకుంటూ గదిలోకి వెళ్ళిపోయారు. ఆ పూట అన్నం తినలేదు.

వాటిని మళ్ళీ సరిచేస్తే అది పదో తిప్పుడవుతుంది. అందుకని తలకిందులుగానే ఉంచి ఆఫీసుకి తీసుకెళ్ళాను. రోజూ నేను ఇంటికి రాగానే మావయ్యగారు నా ముఖం చూసేవారు, అంతే. ఆ చూపు కంటే తిట్టినా బాగుండేది.

అరవైనాలుగో రోజున ఒక గుడ్డు పగిలింది. ఫోన్ చేస్తే ఆటో ఎక్కి వచ్చేశారు. అగ్గిపుల్లంత పిల్ల, ఇసుకరంగు, తలకి మించిన కళ్ళు. నాలుక చాచి కన్ను తుడుచుకుంది. చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశారాయన.

"లక్షల పిల్లల్ని లేపాను. ఒక్కదాన్నీ ఇంతసేపు చూడలేదు," అన్నారు.

రెండోది పగల్లేదు, అలాంటిదాన్ని పదిరోజులాగి తెరవడం మా పద్ధతి. తనూ వస్తానన్నారు. లోపల సగం పెరిగిన పిండం, పచ్చసొన కింద. ఇద్దరం చూశాం. నేను రిజిస్టర్ తీసి, మరణకారణం గడిలో 'తెలియదు' అని రాశాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు.

"గుడ్డులో చచ్చిన ప్రతిదానికీ ముప్ఫై ఏళ్ళు కారణం రాయించాను. తెలిసీ తెలియదని రాసినవాణ్ణి పనిలో ఉంచేవాణ్ణి కాదు. కొట్టెయ్."

"మావయ్యగారూ, పోనివ్వండి..."

"నాలాంటివాడే ఇంకొకడు వస్తాడమ్మా. రాయి."

కొట్టేసి, 'గుడ్డును తిప్పడం వల్ల' అని రాశాను. కింద ఇంకో వరుస నా అంతట నేనే రాశాను: 'తిప్పకూడదని నేను చెప్పలేదు.' సంతకం పెట్టాను.

ఆయన పెన్ను అడిగి తీసుకుని, పక్కన తనూ పెట్టారు.