చేతి బరువు

"మీ కోడలికి దయ్యం గిట్ల పట్టిందా ఏంది? శనివారం శనివారం ఆ జయంతమ్మ ఇంట్ల బల్ల మీద పండుకుంటదంట. ఆమేమో ఈమె నెత్తి పట్టుకుని కండ్లు మూసుకుని కూసుంటదంట" అని కింది వాటా నీలమ్మ మా అత్తగారితో అన్నదట. ఆ మాట మెట్లెక్కి, నేను పిండి రుబ్బుతున్న వంటింట్లోకి వచ్చేసరికి అత్తగారి నోట్లో ఇంకాస్త పులిసింది.

"మంత్రమేమైనా వేస్తుందటే?"

"మంత్రం లేదు, విభూతీ లేదు అత్తయ్యగారూ. తల కింద చేతులు పెడుతుంది."

"పిసుకుతుందా?"

"పిసకదు."

"నూనె?"

"రాయదు."

"మరి ఏం వెలగబెడుతుందే?"

ఏం చెప్పను? మాదాపూర్‌లో నా ఉద్యోగం అమెరికా డాక్టర్ల మాటలు చెవుల్లో పెట్టుకుని టైపు కొట్టడం. పొద్దస్తమానం ఊరూపేరూ తెలియనివాళ్ళ నడుము నొప్పులు వింటాను. ఇంటికొచ్చి నాకు తలపోటు అంటే మా ఆయన పార్థసారథి "కూర్చుని చేసే పనేగా" అంటారు. అలాంటి ఒక టేపులోనే క్రేనియోసేక్రల్ థెరపీ అన్న మాట విన్నాను. స్పెల్లింగు తప్పు కొట్టి, నా తమ్ముడి వయసు సూపర్‌వైజరు చేత "డిక్షనరీ చూడ్డం కూడా రాదా మేడమ్?" అని అందరి ముందూ అనిపించుకున్నాను. ఆ ఉక్రోషంతోనే ఆ మాటేమిటో ఆరా తీస్తే, మదీనాగూడలో మా వెనక వీధిలోనే జయంతి తేలింది. బొంబాయిలో ఆ వైద్యం నేర్చుకుని వచ్చిందట.

"మెదడు చుట్టూ, వెన్ను లోపలా నీరుంటుందండీ. దానికి ఆటుపోట్లలాంటి కదలిక ఉందని ఇది నేర్పినవాళ్ళు చెప్తారు. పుర్రె దగ్గర, వెన్ను చివరి ఎముక దగ్గర చెయ్యి ఆనించి దాన్ని వింటాను. జబ్బు కుదురుస్తానని మాటివ్వను. డాక్టరు మందులు మాత్రం మానకండి" అంది, నేను వెళ్ళి అడిగితే.

మా ఊళ్ళో అమ్మమ్మ చూడి గేదె డొక్క మీద ఇలాగే అరచెయ్యి ఆనించేది. నొక్కితే గేదె తంతుంది. ఊరికే ఆనిస్తే లోపల దూడ కదిలి తన సంగతి తనే చెప్తుంది. జయంతి చెయ్యి అంత తేలిక. కానీ మొదటిరోజు ఆ చెయ్యి తగలగానే నేను గబుక్కున లేవబోయి "ఏం కావాలండీ?" అన్నాను. "ఏమీ వద్దు, పడుకోండి" అంది జయంతి. ఏం చెయ్యను, అలవాటు! అత్తగారు భుజం తడితే కాళ్ళు పట్టమని. మా ఆయన చెయ్యి పగలు పడితే కాఫీకి, దీపం తీశాక పడితే దేనికో చెప్పనక్కర్లేదు. ఏమీ అడగని చెయ్యి ఒకటుంటుందని పెళ్ళయ్యాక నాకు తెలియదు. తలపోటు పోయిందా అంటే, కొంచెం. కానీ ఆ గంటసేపు నన్ను ఎవరూ పిలవరు.

ఆదివారం మధ్యాహ్నం పంచాయితీ పెట్టారు. నేను చేటలో బియ్యం ఏరుతున్నాను.

"నొక్కేదీ లేదు, రాసేదీ లేదు. అంత తేలికైతే నువ్వే నేర్చుకుని నా మోకాళ్ళకి చెయ్యరాదుటే?" అన్నారు అత్తగారు.

ఒళ్ళు మండింది. నాకంటూ దొరికిన ఒక్క గంటనీ నాకే పనిగా అంటగడుతున్నారు.

"శనివారాలు మానెయ్ రాజీ, నీలమ్మ నోట్లో పడ్డం ఎందుకు?" అన్నారు మా ఆయన పేపరు మడుస్తూ. "చెయ్యి పెట్టడానికి కూడా ఓ చదువా! ఉండు, నేను పెడతాను."

వెనక నుంచి వచ్చి నా నడినెత్తిన అరచెయ్యి పెట్టారు. అత్తగారు వేడుక చూస్తున్నట్టు ముందుకి జరిగారు. నవ్వొచ్చే మాటే గానీ, నేను నిజంగానే కళ్ళు మూసుకున్నాను. ఏమో, ఏళ్ళ తరబడి కాపురం చేసిన చెయ్యి కదా, ఒక్కసారైనా ఊరికే ఉండకపోతుందా అని.

చెయ్యి కుదురుగానే ఉంది. ఫ్యాను తిరుగుతోంది. నా మెడ నిజంగానే కాస్త సడలింది.

"అన్నట్టు రాజీ, రేపటికి నా గళ్ళ చొక్కా ఇస్త్రీ చేశావా?" అన్నారు, చెయ్యి తియ్యకుండానే.

"లేచేటప్పుడు నాకు కషాయం కూడా పెట్టవే" అన్నారు అత్తగారు.

నేను చేట కింద పెట్టాను.

"శనివారం నేను వెళ్తున్నాను. ముందు ఆ చెయ్యి తియ్యండి, బరువుగా ఉంది."